గాలి ఎటు నుంచి, ఎంత వేగంతో: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గాలి వేగాన్నీ దిశనూ కొలిచే సెన్సర్ గురించి పాఠకుల నుంచి వరుసగా ఉత్తరాలు రావడంతో ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాను. చాలామంది తమ పరికరం మంచిదో కాదో చెప్పమని అడిగారు. ఉత్తరాలన్నీ చదివాక నాకు అనిపించింది ఏమిటంటే, ఎక్కువ సందర్భాల్లో తప్పు పరికరంలో లేదు. దాన్ని నిలబెట్టిన చోటులో, తిప్పిపెట్టిన దిక్కులో, వచ్చిన అంకెలను లెక్కగట్టిన పద్ధతిలో ఉంది.

ప్రశ్న: మేడ మీది పిట్టగోడకు ఇనుప గొట్టం బిగించి, మూడు గిన్నెల అనిమోమీటరునూ (గాలి వేగాన్ని కొలిచే పరికరం) దిశాసూచికనూ దాని మీద అమర్చాను. వాతావరణ కేంద్రం ప్రకటించే వేగంలో సగం కూడా నా పరికరం చూపడం లేదు. పైగా ఒక్కోసారి సూచిక గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. పరికరం పాడైనట్టేనా?

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి పరికరం కన్నా ముందు దాని స్థానాన్ని అనుమానించాలి. సెన్సర్ తనను తాకిన గాలిని మాత్రమే కొలుస్తుంది. ఆ ప్రాంతపు గాలిని కొలవాలని మన కోరిక అయితే, ఆ గాలి చెదరకుండా దాని దాకా రావాలి. చెట్టు గానీ కట్టడం గానీ గాలికి ఎదురు నిలిచినప్పుడు దాని వెనుక వేగం తగ్గి, సుడులతో నిండిన ప్రదేశం ఒకటి ఏర్పడుతుంది. అది అడ్డంకి ఎత్తుకు సుమారు రెట్టింపు ఎత్తు వరకు లేస్తుంది. గాలి సాగే వైపు ఆ ఎత్తుకు 10 నుంచి 20 రెట్ల దూరం దాకా పరుచుకుంటుంది. సూచిక గుండ్రంగా తిరుగుతూ ఉందంటే, అది బహుశా అలాంటి సుడిలో ఉందన్నమాట.

ఈ కారణం వల్లనే ప్రపంచ వాతావరణ సంస్థ గాలిని బయలు ప్రదేశంలో, నేల నుంచి 10 మీటర్ల ఎత్తున కొలవాలని ప్రమాణం పెట్టింది. బయలు అనే మాటకు కూడా ఒక కొలత ఉంది: చుట్టూ ఉన్న ప్రతి అడ్డంకీ తన ఎత్తుకు కనీసం 10 రెట్ల దూరంలో ఉండాలి. 8 మీటర్ల చెట్టు ఉంటే దానికీ సెన్సరుకూ మధ్య 80 మీటర్లు ఉండాలన్నమాట. ఇంటి ఆవరణలో ఇది దాదాపు అసాధ్యమని నాకు తెలుసు. అయినా ప్రమాణం ఏమిటో తెలిసి ఉంటే, మన అంకె దానికి ఎంత దూరంలో ఉందో అంచనా వేసుకోగలం.

పిట్టగోడ స్థానం ప్రత్యేకంగా చెడ్డది. గాలి ఇంటి గోడను ఢీకొని పైకి లేచి, మేడ అంచు దగ్గర తలం నుంచి విడిపోతుంది. అంచుకు కొంత పైన అది అసలు వేగం కన్నా ఎక్కువ వేగంతో పరుగెడుతుంది. ఆ పొరకు దిగువన, మేడ తలానికి దగ్గరగా, వెనక్కి మళ్లే సుడి నిలుస్తుంది. సెన్సరున్న గోడ వైపు నుంచి గాలి వస్తే ఒక రకమైన తప్పు, ఎదుటి వైపు నుంచి వస్తే మరో రకమైన తప్పు వస్తాయి. కాబట్టి ఒకే గుణకంతో హెచ్చవేసి దీన్ని సరిదిద్దడం కుదరదు. బయలు నేల దొరక్కపోతే మేడ అంచులను వదిలి, నడిమి భాగంలో, భద్రంగా నిలబెట్టగలిగినంత ఎత్తైన స్తంభం వేయండి. స్తంభానికి మూడు వైపులా సమాన కోణాల్లో లాగుడు తీగలు కట్టండి. మడత బందు మీద పడుకోబెట్టగల స్తంభమైతే తర్వాత మరమ్మతుకు ఎవరూ పైకి ఎక్కనక్కరలేదు. ఒక్క విషయంలో మాత్రం రాజీ వద్దు: స్తంభం ఏ వైపు కూలినా కరెంటు తీగలను తాకనంత దూరం ఉండి తీరాలి.

ఇక ఎత్తు సంగతి. నేల రాపిడి వల్ల గాలి కింద మెల్లగా, పైన వేగంగా వీస్తుంది. పొట్టి గడ్డి మాత్రమే ఉన్న మైదానంలో, గాలి నిలకడగా వీస్తున్నప్పుడు, 2 మీటర్ల ఎత్తున ఉండే వేగం 10 మీటర్ల ఎత్తున ఉండే వేగంలో సుమారు 72 శాతం. చెట్లూ ఇళ్లూ ఉన్న చోట ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కాబట్టి మీ అంకె వాతావరణ కేంద్రం అంకెతో కలవకపోవడంలో కొంత భాగం సహజమే. పరికరం పనితీరును పరీక్షించాలనుకుంటే దాన్ని ఒక పూట ఏదైనా ఖాళీ మైదానంలోకి తీసుకుపోయి, నమ్మకమైన మరో అనిమోమీటరు పక్కన, అదే ఎత్తులో నిలబెట్టి చూడండి. అక్కడ రెండూ కలిస్తే తప్పు మేడదే.

ప్రశ్న: సెన్సర్ మీద ఉత్తరం గుర్తు ఉంది. ఫోనులోని దిక్సూచి యాప్ చూసి ఆ గుర్తును ఉత్తరానికి తిప్పి బిగించాను. ఇది సరిపోతుందా?

జవాబు: సరిపోకపోవచ్చు. ఇందులో రెండు వేర్వేరు ఇబ్బందులున్నాయి. మొదటిది, దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం. గాలి దిశను చెప్పేది భౌగోళిక ఉత్తరాన్ని బట్టి. ఈ రెంటి మధ్య కోణం ఒక్కో ప్రదేశంలో ఒక్కో విధంగా ఉంటుంది. కొన్ని చోట్ల అది పట్టించుకోనవసరం లేనంత చిన్నది, మరికొన్ని చోట్ల 10 డిగ్రీలు దాటుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా మారుతుంది కూడా. మీ ప్రదేశానికి ఆ కోణం ఎంతో తెలుసుకుని సవరించుకోవాలి. కొన్ని యాప్‌లు ఈ సవరణను తామే చేస్తాయి, కొన్ని చేయవు. అమరికల్లో ఏది ఎంచుకుని ఉందో చూడండి.

రెండో ఇబ్బంది ఇనుము. ఇనుప స్తంభానికి ఆనించి పట్టుకున్న దిక్సూచిని నమ్మకూడదు. నేను మొదటిసారి సెన్సర్ బిగించినప్పుడు ఈ తప్పే చేశాను. గొట్టం పక్కనే దిక్సూచి పెట్టి, అది చూపిన వైపే ఉత్తరం అనుకుని మరలు బిగించాను. కొన్ని వారాల తర్వాత నీడను బట్టి సరిచూసుకుంటే సుమారు 20 డిగ్రీల తేడా కనిపించింది. అప్పటి దాకా రాసుకున్న దిశలన్నింటినీ కూర్చుని మళ్లీ సరిదిద్దవలసి వచ్చింది.

అందువల్ల నేను సూర్యుడి నీడనే ఎక్కువగా నమ్ముతాను. మీ ప్రదేశంలో సూర్యుడు ఆకాశంలో అత్యంత ఎత్తుకు చేరే క్షణం గడియారపు 12 గంటలతో కలవనవసరం లేదు. ఆ రోజు సూర్యోదయ, సూర్యాస్తమయ సమయాల నడిమి క్షణం దానికి చాలా దగ్గరగా ఉంటుంది. సరిగ్గా ఆ వేళకు నిటారు కర్ర నీడ ఉత్తర దక్షిణ రేఖ మీదనే పడుతుంది. నీడ రేఖను సుద్దతో గీసి, దాని కొనసాగింపులో దూరంగా కనిపించే ఒక గుర్తును, ఒక గోపురాన్నో సెల్ టవరునో ఎంచుకుని, సెన్సర్ గుర్తును దాని వైపు తిప్పండి. సూర్యుడు దాదాపు నడినెత్తికి వచ్చే రోజుల్లో నీడ మరీ పొట్టిదై ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు ఉపగ్రహ చిత్రాల పటంలో మీ స్తంభం నుంచి దూరపు గుర్తు ఒకదానికి గీత గీసి, ఆ గీత ఉత్తరంతో చేసే కోణాన్ని కొలిచి వాడుకోవచ్చు.

బిగించాక తప్పనిసరిగా ఒక పరీక్ష చేయండి. ఒకరు సూచికను చేత్తో పట్టుకుని దాని ముక్కును తెలిసిన గుర్తు వైపు తిప్పి ఉంచాలి, రెండోవారు తెర మీద అంకె చదవాలి. ఇలా నాలుగు దిక్కులకూ చేయండి. తూర్పుకు 90, దక్షిణానికి 180, పడమరకు 270, ఉత్తరానికి 360 రావాలి. సున్నాను గాలి లేని వేళకు కేటాయించడం వాతావరణ శాస్త్రంలో వాడుక. అన్ని దిక్కుల్లోనూ ఒకే తేడా వస్తే సెన్సరును కదపనక్కరలేదు, ఆ తేడాను లెక్కలోనే సవరించవచ్చు. సరిగ్గా 180 డిగ్రీల తేడా వస్తే మాత్రం తోకను ముక్కుగా పొరబడ్డారన్నమాట. గాలి దిశ అంటే గాలి వచ్చే దిక్కు, పోయే దిక్కు కాదు. మన భాషలో పడమటి గాలి అన్నా, నైరుతి రుతుపవనం అన్నా చెప్పేది వచ్చే దిక్కునే కనుక, ఈ ఒక్క నియమాన్ని గుర్తుంచుకోవడం తెలుగువారికి కష్టం కాకూడదు. సూచిక ముక్కు కూడా గాలి వచ్చే వైపే తిరిగి నిలుస్తుంది.

ప్రశ్న: మా సెన్సర్ వేగానికి పల్సులు ఇస్తుందని, దిశకు రెసిస్టెన్స్ మారుతుందని కాగితంలో రాసి ఉంది. మైక్రోకంట్రోలరుకు (ప్రోగ్రాముతో పనిచేసే చిన్న కంప్యూటరు చిప్పు) కలిపితే గాలి లేని రోజున కూడా అప్పుడప్పుడు భారీ వేగం కనిపిస్తోంది. దిశ కూడా కొన్ని కోణాల్లో తప్పుగా వస్తోంది.

జవాబు: ఈ రకం సెన్సరులో గిన్నెల ఇరుసుకు చిన్న అయస్కాంతం ఉంటుంది. అది తిరుగుతూ రీడ్ స్విచ్ ముందు నుంచి పోయినప్పుడల్లా స్విచ్ ఒకసారి మూసుకుంటుంది, అదే ఒక పల్సు. సెకనుకు ఎన్నిసార్లు మూసుకుందో లెక్కపెట్టి, తయారీదారు ఇచ్చిన గుణకంతో హెచ్చవేస్తే వేగం వస్తుంది. ఔత్సాహికులు ఎక్కువగా వాడే ఒక రకంలో సెకనుకు ఒక పల్సు అంటే గంటకు 2.4 కిలోమీటర్లు. 5 సెకన్లలో 25 పల్సులు వచ్చాయంటే సెకనుకు 5, అంటే గంటకు 12 కిలోమీటర్లు. మీ సెన్సర్ గుణకం వేరు కావచ్చు, దాని కాగితంలో ఉన్నదే వాడండి.

లేని వేగం కనిపించడానికి ప్రధాన కారణం స్విచ్ రేకుల కంపనం. మూసుకునేటప్పుడు రేకులు ఒకదాన్నొకటి తాకి, ఎగిరి, మళ్లీ తాకుతాయి. మైక్రోకంట్రోలరు ఎంత చురుకైనదంటే ఈ ఒక్క మూతనే ఐదారుగా లెక్కిస్తుంది. ఒక పల్సు అందాక తర్వాతి 3, 4 మిల్లీసెకన్లలో వచ్చే వాటిని వదిలేయమని ప్రోగ్రాములో రాయండి. పైన చెప్పిన గుణకంతో గంటకు 200 కిలోమీటర్ల గాలి వీచినా రెండు పల్సుల మధ్య 12 మిల్లీసెకన్లు ఉంటుంది కనుక అసలైన పల్సులేవీ పోవు. గాలి పూర్తిగా ఆగినప్పుడు కూడా దొంగ పల్సులు వస్తుంటే, పొడవైన తీగ చుట్టుపక్కల కరెంటు తీగల నుంచి విద్యుత్ రొదను పోగుచేసుకుంటోందని అర్థం. పుల్-అప్ రెసిస్టరును (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు సిగ్నల్ తీగను సరఫరా వోల్టేజి దగ్గరే నిలిపేది) తప్పక పెట్టి, తొడుగు ఉన్న మెలితీగ వాడి, మోటారు తీగలకు దూరంగా వేయండి.

దిశ విషయానికి వస్తే, సూచిక కింద సాధారణంగా వలయంగా 8 రీడ్ స్విచ్‌లు, ఒక్కోదానికీ ఒక్కో విలువ గల రెసిస్టర్ ఉంటాయి. అయస్కాంతం రెండు స్విచ్‌ల నడుమ ఉన్నప్పుడు రెండూ మూసుకుంటాయి కాబట్టి మొత్తం 16 స్థానాలు, అంటే 22.5 డిగ్రీలకు ఒకటి చొప్పున, గుర్తించవచ్చు. బయట ఒక స్థిర రెసిస్టర్ కలిపి, మధ్య వోల్టేజిని చదివి, పట్టికతో పోల్చాలి. చాలామంది పొరబడే చోటు ఈ పట్టికే: అది 5 వోల్టులకు రాసిందైతే, మీ బోర్డు 3.3 వోల్టులదైతే విలువలన్నీ మారతాయి. పట్టికను వోల్టుల్లో కాక, సరఫరా వోల్టేజిలో ఎన్నో వంతు అనే నిష్పత్తిలో రాసుకుంటే ఈ గొడవే ఉండదు. కొన్ని స్థానాల విలువలు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. వాటి మధ్య సరిహద్దును సరిగ్గా నడుమ గీయండి, స్థిర రెసిస్టరును కచ్చితమైనది ఎంచుకోండి.

ప్రశ్న: కొత్తగా తెచ్చిన సెన్సరులో రెండు రకాల అవుట్‌పుట్ ఉంది: 4 నుంచి 20 మిల్లీఆంపియర్లు, ఆర్‌ఎస్-485. సెన్సరుకూ గదికీ 150 మీటర్ల దూరం. ఏది వాడాలి?

జవాబు: ఈ దూరానికి రెండూ పనిచేస్తాయి. మొదటిది కొలతను కరెంటు పరిమాణంగా పంపుతుంది, రెండోది ఒక జత తీగల మీద అంకెలుగా పంపుతుంది. తీగ పొడవు వల్ల వోల్టేజి తగ్గినా కరెంటు మారదు కనుక 4–20 పద్ధతిలో విలువ చెడదు. లెక్క కూడా సులువు: పరిధి సెకనుకు 0 నుంచి 30 మీటర్లైతే, 8 మిల్లీఆంపియర్లకు 4 తీసేసి, 16తో భాగించి, 30తో హెచ్చవేస్తే 7.5 మీటర్లు. సున్నా వేగానికి కూడా 4 మిల్లీఆంపియర్లు ప్రవహించేలా పెట్టడంలోని తెలివి ఏమిటంటే, కరెంటు పూర్తిగా సున్నా అయితే అది గాలి లేకపోవడం కాదు, తీగ తెగడమో సరఫరా పోవడమో అని వెంటనే తెలుస్తుంది. అయితే వేగానికొక జత, దిశకొక జత తీగలు కావాలి.

ఒకే జత మీద వేగం, దిశ రెండూ రావాలన్నా, రేపు మరిన్ని సెన్సర్లు చేర్చాలన్నా ఆర్‌ఎస్-485 మేలు. పరికరాలను చెట్టు కొమ్మల్లా కాక ఒకే గొలుసుగా కలపండి, గొలుసు రెండు చివరల్లో 120 ఓముల రెసిస్టర్ ఒక్కొక్కటి పెట్టండి, ప్రతి సెన్సరుకూ వేరు చిరునామా ఇవ్వండి. జవాబు రాకపోతే మొదట ఏ, బీ తీగలను తారుమారు చేసి చూడండి. తయారీదారులు ఆ రెండు అక్షరాలను ఒకే తీరుగా వాడరు. 53 అని వస్తే కంగారు పడకండి. చాలా సెన్సర్లు వేగాన్ని పదోవంతుల్లో పంపుతాయి, కాబట్టి అది 5.3 అయి ఉండవచ్చు.

ప్రశ్న: సెకనుకు మీటర్లను గంటకు కిలోమీటర్లుగా, నాట్లుగా ఎలా మార్చాలి?

జవాబు: 3.6తో హెచ్చవేస్తే గంటకు కిలోమీటర్లు, 1.944తో హెచ్చవేస్తే నాట్లు. ఒక నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు.

ప్రశ్న: ఒక రాత్రంతా ఉత్తరపు గాలి వీచింది, నేను స్వయంగా చూశాను. కానీ ఉదయం పట్టికలో సగటు దిశ 180 అని, అంటే దక్షిణమని వచ్చింది. ఎందుకు?

జవాబు: మీ ఉత్తరం చదివి నాకు సంతోషం కలిగింది, ఎందుకంటే మీరు అంకెను నమ్మేసి ఊరుకోకుండా కళ్లతో చూసినదానితో పోల్చారు. ఉత్తరపు గాలి ఒక్క కోణం మీద నిలవదు. కాసేపు 350, కాసేపు 10 అంటూ ఊగుతుంది. ఈ రెండు అంకెలనూ మామూలుగా కూడి రెండుతో భాగిస్తే 180 వస్తుంది. లెక్క తప్పలేదు, లెక్కించిన పద్ధతి తప్పు. వృత్తం మీద 360, 0 ఒకే బిందువు అన్న సంగతి మామూలు సగటుకు తెలియదు.

సరైన పద్ధతి ఇది: ప్రతి కోణానికీ సైన్ విలువనూ కొసైన్ విలువనూ కనుక్కోండి. సైన్‌లన్నింటి సగటు ఒకటి, కొసైన్‌లన్నింటి సగటు ఒకటి తీయండి. ఆ రెంటి నుంచి నాలుగు పాదాలనూ గుర్తించగల విలోమ టాంజెంట్ ఫంక్షనుతో కోణం రాబట్టండి. రుణ సంఖ్య వస్తే 360 కలపండి. 350కీ 10కీ సైన్‌లు ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి, కొసైన్‌లు రెండూ ధనమే, ఫలితం ఉత్తరమే.

దీనితో ముడిపడిన మరో సంగతి ఉంది. గాలి ఆగిపోయినప్పుడు సూచిక చివరిసారి ఎటు తిరిగిందో అటే నిలిచిపోతుంది. ఆ నిలిచిన దిశను గంటల తరబడి రాసుకుంటూ పోతే, వీచని గాలికి దిశ కట్టబెట్టినట్టవుతుంది. వేగం సెకనుకు అర మీటరు కన్నా తక్కువ ఉన్నప్పుడు దిశను ఖాళీగా వదిలేయడమో, సగటులో ప్రతి కోణానికీ అప్పటి వేగంతో బరువివ్వడమో చేయండి. పొటెన్షియోమీటరుతో (తిప్పేకొద్దీ రెసిస్టెన్స్ మారే భాగం) పనిచేసే సూచికలకు ఉత్తరం దగ్గర కొన్ని డిగ్రీల మేర ఖాళీ జాగా ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. ఆ కొద్ది కోణంలో అంకె నమ్మదగినది కాదు.

ప్రశ్న: నిన్నటి ఈదురుగాలికి నా పరికరం గంటకు 71 కిలోమీటర్ల గరిష్ఠ వేగం చూపింది. మిత్రుడి పరికరం దగ్గర్లోనే, అదే ఎత్తులో ఉంది; అది 48 మాత్రమే చూపింది. ఎవరిది నిజం?

జవాబు: రెండూ నిజమై ఉండవచ్చు. గాలి సాఫీగా పారే ప్రవాహం కాదు, దెబ్బలు దెబ్బలుగా వచ్చే వస్తువు. అందువల్ల ఎంతసేపటి సగటు అన్నది చెప్పకుండా వేగం చెబితే ఆ మాటకు అర్థం పూర్తి కాదు. వాతావరణ నివేదికల్లో గాలి వేగం అంటే సాధారణంగా 10 నిమిషాల సగటు. గాలి విసురు అంటే ఆ వ్యవధిలో ఏదైనా 3 సెకన్ల సగటుకు వచ్చిన గరిష్ఠ విలువ. మీ పరికరం విసురును, మిత్రుడిది నిమిషాల సగటును చూపి ఉంటే, మీరు రాసినంత తేడా సహజమే. 1996 ఏప్రిల్ 10న ఒలీవియా తుపానులో ఆస్ట్రేలియాలోని బారో దీవి మీద నమోదైన గంటకు 408 కిలోమీటర్ల వేగాన్ని ప్రపంచ వాతావరణ సంస్థ సుడిగాలులను మినహాయించి అత్యధిక విసురుగా గుర్తించింది. అది కూడా 3 సెకన్ల విసురే. తుపానంతా ఆ వేగంతో వీచిందని కాదు.

మీ ఇద్దరి పరికరాల అమరికలూ తెరిచి, ఎన్ని సెకన్లకు ఒకసారి చదువుతున్నాయో, ఎంత సేపటికి సగటు తీస్తున్నాయో పోల్చుకోండి. నిమిషానికి ఒక్కసారి మాత్రమే చదివే పరికరం విసురును పట్టుకోలేదు. గాలిదెబ్బకు పైకప్పు నిలుస్తుందా అని ఆలోచించేవారికి విసురు కావాలి. పొగ ఎటు పోతుంది, పిచికారీ మందు పక్క పొలంలోకి కొట్టుకుపోతుందా అని ఆలోచించేవారికి సగటు వేగం, దిశ కావాలి. నేను రెంటినీ వేర్వేరు నిలువు వరుసల్లో రాసుకుంటాను.

ప్రశ్న: చిన్న గాలిమర పెట్టాలని ఏడాది పాటు వేగం కొలిచాను. సగటు సెకనుకు 4 మీటర్లు. ఈ సగటుతో విద్యుత్తు ఎంత వస్తుందో లెక్కించవచ్చా?

జవాబు: సగటు ఒక్కటే చాలదు. గాలిలోని శక్తి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఎప్పుడూ 4 మీటర్లే వీచే చోట ఆ ఘనం 64. సగం కాలం 2, సగం కాలం 6 వీచే చోట కూడా సగటు 4 మీటర్లే. కానీ 8, 216ల సగటు 112. సగటు వేగం ఒకటే అయినా రెండో చోట శక్తి ముప్పావు వంతు ఎక్కువ. కాబట్టి 10 నిమిషాల సగటులన్నింటినీ దాచి, ఏ వేగం ఎన్ని గంటలు వీచిందో పట్టిక వేసి, గాలిమర తయారీదారు ఇచ్చిన శక్తి రేఖతో (ఏ వేగానికి ఎంత విద్యుత్తు వస్తుందో చూపే గీత) ఆ పట్టికను కలిపి లెక్కించండి. సెన్సరును గాలిమర చక్రం ఉండబోయే ఎత్తులోనే పెట్టారా అన్నది కూడా చూసుకోండి. మైదానపు ఉదాహరణలో చెప్పిన 72 శాతం వేగానికి శక్తి 37 శాతమే అవుతుంది. కొలతలోని చిన్న పొరపాటు ఇక్కడ మూడింతలై బయటపడుతుంది.

ప్రశ్న: గిన్నెల సెన్సరా, అల్ట్రాసోనిక్ సెన్సరా? తిరిగే భాగాలు లేని రెండోది అన్ని విధాలా మేలంటున్నారు.

జవాబు: గిన్నెల అనిమోమీటరును ఐరిష్ శాస్త్రజ్ఞుడు థామస్ రోమ్నీ రాబిన్సన్ 1846లో నాలుగు గిన్నెలతో రూపొందించాడు. గిన్నెల వేగం గాలి వేగంలో ఎప్పుడూ మూడో వంతే ఉంటుందని, గిన్నె పరిమాణంతో, చేతి పొడవుతో నిమిత్తం లేదని ఆయన భావించాడు. అది సరి కాదని, ఆ నిష్పత్తి గిన్నెల, చేతుల కొలతలను బట్టి మారుతుందని తర్వాత తేలింది. ప్రతి నమూనాకూ దాని సొంత గుణకం ఉండడానికి, ఒక దాని విరిగిన గిన్నెల స్థానంలో మరో దాని గిన్నెలు బిగించకూడదనడానికి కారణం ఇదే. 1926లో కెనడాకు చెందిన జాన్ పాటర్సన్ మూడు గిన్నెల రూపాన్ని తెచ్చాడు. గిన్నెలకున్న ఒక లోపం, గాలి పెరిగినప్పుడు అవి త్వరగా వేగం అందుకుని, తగ్గినప్పుడు ఆలస్యంగా నెమ్మదించడం. అందువల్ల గాలి బాగా ఎగుడుదిగుడుగా వీచేటప్పుడు సగటు కొద్దిగా ఎక్కువ చూపుతాయి.

అల్ట్రాసోనిక్ సెన్సరులో ఎదురెదురు మొనల మధ్య ధ్వని రెండు వైపులా ప్రయాణిస్తుంది. గాలివాటున త్వరగా, ఎదురుగాలిలో ఆలస్యంగా చేరుతుంది. మొనల మధ్య 15 సెంటీమీటర్లుండి, సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తే ఆ రెండు ప్రయాణాల తేడా సుమారు 25 మైక్రోసెకన్లు. ఇంత చిన్న తేడా నుంచి వేగం, రెండు జతల మొనలుంటే దిశ కూడా తెలుస్తాయి. మెల్లని గాలినీ, క్షణాల్లో మారే గాలినీ ఇది గిన్నెల కన్నా బాగా పట్టుకుంటుంది. అయితే మొనల మీద నిలిచిన నీటి బొట్టు, సాలీడు అల్లిన గూడు, వాలిన పిట్ట దీన్ని తికమక పెడతాయి. కరెంటు నిరంతరం కావాలి. చెడిపోతే ఇంట్లో బాగుచేసుకోవడం కుదరదు. నా మాట అడిగితే, సోలార్ పలక మీద, తక్కువ కరెంటుతో, మనుషులు అందుకోగల స్తంభం మీద పనిచేయాలంటే గిన్నెలు. తరచూ ఎక్కి చూడలేని చోట, నిలకడైన కరెంటు ఉన్న చోట అల్ట్రాసోనిక్.

ప్రశ్న: మూడేళ్లుగా గిన్నెల సెన్సర్ వాడుతున్నాను. ఈ మధ్య చల్లగాలి ఒంటికి తగులుతున్నా అది సున్నా చూపుతోంది. పెద్ద గాలికి మాత్రం సరిగ్గానే పనిచేస్తోంది. అలాగే, పిడుగుల కాలంలో ఏం జాగ్రత్త తీసుకోవాలి?

జవాబు: ఇది బేరింగుల అరుగుదల లక్షణం. దుమ్ము చేరి రాపిడి పెరిగినప్పుడు మొదట పోయేది చిన్న గాలిని గుర్తించే శక్తి. పెద్ద గాలి ఆ రాపిడిని దాటేస్తుంది కాబట్టి తేడా కనిపించదు. గాలి తగలని గదిలో పెట్టి గిన్నెలను వేలితో మెల్లగా తిప్పి వదలండి. బాగున్న బేరింగు చాలాసేపు తిరిగి, కనిపించనంత నెమ్మదిగా ఆగుతుంది. చెడినది గరగరమంటూ చటుక్కున ఆగుతుంది. కొత్తగా ఉన్నప్పుడే ఎన్ని సెకన్లు తిరిగిందో రాసిపెట్టుకుంటే ఏటా పోల్చుకోవచ్చు. చిక్కని నూనె పోయవద్దు; అది దుమ్మును పట్టి రాపిడిని ఇంకా పెంచుతుంది. బేరింగు మార్చడమే మందు. దిశాసూచికనూ ఇదే విధంగా పరీక్షించండి, దానితో పాటు ఉత్తరం గుర్తు కదలలేదని, స్తంభం నిటారుగానే ఉందని చూడండి. గిన్నెల తలం వాలితే కొలత మారుతుంది.

పిడుగు విషయంలో, స్తంభమే చుట్టుపక్కల అన్నింటికన్నా ఎత్తైనదైతే సెన్సరు కన్నా పైకి ఉండేలా ఒక సన్నని లోహపు కడ్డీ నిలిపి, దాని నుంచి మందపాటి రాగి తీగను సూటిగా, మెలికలు లేకుండా భూమిలోని ఎర్తింగుకు కలపాలి. గాలి అతి తక్కువగా వచ్చే వైపు ఆ కడ్డీ ఉంటే అది సెన్సరుకు వచ్చే గాలికి అడ్డుపడే సందర్భాలు తగ్గుతాయి. సిగ్నల్ తీగకు స్తంభం దగ్గర ఒకటి, గదిలోకి వచ్చే చోట ఒకటి సర్జ్ ప్రొటెక్టర్లు (ఒక్కసారిగా పెరిగే వోల్టేజిని భూమికి మళ్లించేవి) పెట్టండి. ఇవన్నీ పెట్టినా నేరుగా పడిన పిడుగు నుంచి సెన్సర్ బతుకుతుందన్న హామీ లేదు; తీగ వెంట వచ్చే ఉధృతి గదిలోకి చేరకుండా చూడడం ముఖ్య ప్రయోజనం. ఎర్తింగు పనిని అనుభవమున్న ఎలక్ట్రీషియనుతోనే చేయించండి. ఉరుము వినిపిస్తుండగా ఆ స్తంభాన్ని ముట్టుకోవద్దు, ఎంత అవసరమైన మరమ్మతైనా మబ్బు వెళ్లిపోయాకే మొదలుపెట్టండి.